బస్ లేన్‌లోకి ట్యాక్సీని రానివ్వాలా? తిరుపతి బస్టాండ్–అలిపిరి దారి మీద ఒక కేస్ స్టడీ

మా దగ్గరికి వచ్చిన ప్రశ్న చిన్నదే. తిరుపతి ఆర్టీసీ బస్టాండ్ నుంచి అలిపిరి వైపు పోయే రోడ్డులో, నేల మీద, ఎడమ అంచున ఒక వరస బస్సులకే వదిలిపెడితే ఎలా ఉంటుంది? అందులో ట్యాక్సీలను కూడా పోనివ్వవచ్చా? అడిగింది ఒక ప్రైవేటు సంస్థ. ఇది ఇంకా కాగితం మీది ఆలోచనే, రోడ్డు మీద గీత కూడా పడలేదు. మాది ట్రాఫిక్ సర్వేలు, కూడళ్ళ డిజైన్లు చేసే ముగ్గురి ఆఫీసు. మూడు వారాల్లో అభిప్రాయం రాసివ్వమన్నారు.

మొదటి వారం చివర్లో నేను "పోనివ్వవచ్చు" అని రాశాను. మూడో వారంలో అది కొట్టేసి "వద్దు" అని రాశాను. ఈ రెండు జవాబుల మధ్య ఏం జరిగిందో పూర్తిగా చెప్పాలనిపించింది. ఈ ప్రశ్న తిరుపతితో ఆగదు. ఏ ఊళ్ళో బస్సుకు కాస్త దారి ఇద్దామన్నా రెండో రోజే "మరి మేమో?" అని ట్యాక్సీ వాళ్ళు వస్తారు. వాళ్ళు అడగడంలో తప్పేమీ లేదు. జవాబు చెప్పాల్సిన మన దగ్గరే లెక్క సిద్ధంగా ఉండదు.

దారి ఎలా ఉంది

ఊరు తెలిసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. బస్టాండ్ ఎదురుగా భక్తుల వసతి సముదాయం శ్రీనివాసం, అక్కడి నుంచి లీలామహల్ కూడలి, కపిలతీర్థం, నంది సర్కిల్, ఆ పైన అలిపిరి. రైల్లో దిగినవాళ్ళు, బస్సులో దిగినవాళ్ళు, చెన్నై నుంచి, బెంగళూరు నుంచి సొంత బండిలో వచ్చినవాళ్ళు, అందరూ చివరికి అలిపిరి టోల్‌గేట్ దగ్గర కలవాల్సిందే. కొండకు రెండు ఘాట్ రోడ్లు: 1944లో వేసినది దిగడానికి, 1974లో వేసినది ఎక్కడానికి. మోటారు బండికి కొండ ఎక్కే దారి అదొక్కటే కాబట్టి, ఊళ్ళో ఏ సందులో మొదలైన బండి అయినా ఆ గేటుకే చేరాలి.

2023 సెప్టెంబరులో శ్రీనివాస సేతు అనే ఫ్లైఓవర్ పూర్తిగా తెరిచాక ఈ దారి రెండు అంతస్తులైంది. నేరుగా అలిపిరి పోవాల్సిన బండి పైన పోతుంది. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, లాడ్జీకి తిరిగేవాళ్ళు, ఆస్పత్రికి పోయేవాళ్ళు కింద ఉంటారు. మా అభిప్రాయం మారడంలో ఈ సేతుదే పెద్ద పాత్ర. అది ఎలాగో కొంచెం తర్వాత చెబుతాను.

సేతు వల్ల ఇంకో సంగతి కూడా తేలిపోయింది. అహ్మదాబాద్‌లో 2009లో మొదలైన జన్‌మార్గ్ బస్సులు రోడ్డు మధ్యలో నడుస్తాయి, బస్ స్టేషన్లు కూడా మధ్యలోనే. అక్కడ ట్యాక్సీని లోపలికి వదిలినా అది మనుషుల్ని ఎక్కించుకోలేదు, దించలేదు, ఎందుకంటే షాపులు, ఇళ్ళు, లాడ్జీలు అన్నీ అంచున ఉంటాయి. మన దగ్గర సేతు కింద రోడ్డు నడుమ పిల్లర్లు ఉన్నాయి. వాటి పక్కన బస్సు ఆపితే, గుండు చేయించుకున్న పిల్లల్ని, లడ్డూ సంచుల్ని, ట్రాలీ బ్యాగుల్ని పట్టుకుని జనం రోడ్డు మధ్యకు రావాలి. ఆ ఆలోచన మేం మొదటి రోజే వదిలేశాం. కాబట్టి బస్ లేన్ పెడితే ఎడమ అంచునే పెట్టాలి. ఎడమ అంచు అంటే ట్యాక్సీ, ఆటో, పూలబండి, ఆగిన బైకు, అందరికీ కావాల్సిన చోటు. తగువు అక్కడే మొదలవుతుంది.

మొదట ఎందుకు సరే అన్నాను

ట్యాక్సీ వాళ్ళ వాదన బలహీనమైనది కాదు. కారు లేనివాళ్ళకు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు, రాత్రి రైలు దిగే కుటుంబాలకు ట్యాక్సీయే దిక్కు. సొంత కారులా రోజంతా ఒకచోట పార్కింగ్ ఆక్రమించదు, ఒకరిని దించి ఇంకొకరిని ఎక్కించుకుంటుంది. పైగా లండన్‌లో నల్ల ట్యాక్సీలు చాలా బస్ లేన్లలో దశాబ్దాలుగా నడుస్తున్నాయి. అక్కడ నడుస్తున్నప్పుడు ఇక్కడ ఎందుకు నడవదు అనుకున్నాను.

దానికి తోడు "ఖాళీ లేన్" భయం ఒకటుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ ఢిల్లీ గుర్తుంటుంది. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల బస్ కారిడార్ 2008లో మొదలైంది. తీసేయాలని 2015లో నిర్ణయించారు, ఆ తర్వాత పగలగొట్టేశారు. రెండు నిమిషాలకు ఒక బస్సు వస్తుందనుకుందాం. అంటే గంటకు 30 బస్సులు, ఒక్కోదాంట్లో 40 మంది ఉంటే 1,200 మంది. ఒక్క వరసకు అది తక్కువ సంఖ్య కాదు. కానీ పక్క వరసలో కారులో కూర్చున్న మనిషికి కనిపించేది వేరు. నిమిషం యాభై సెకన్ల పాటు ఖాళీ తారు కనిపిస్తుంది, పది సెకన్లు ఒక బస్సు కనిపిస్తుంది. అతను ఇంజిన్ రేపుకుంటూ, ఎండలో మాడుతూ ఆ ఖాళీనే చూస్తుంటాడు. ఆ కోపమే పేపర్లకెక్కుతుంది, చివరికి లేన్‌ని పీకేస్తుంది. మన విజయవాడలో బీఆర్‌టీఎస్ (బస్సులు వేగంగా పోవడానికి వేరు చేసిన దారి) రోడ్డుకు ఆ పేరు మిగిలింది, బస్సు కోసమే అన్న సంగతి మిగల్లేదు. అందుకే ట్యాక్సీలను వదిలితే లేన్ నిండుగా కనిపిస్తుంది, లేన్ బతుకుతుంది అనుకున్నాను.

నా మొదటి చిత్తులో షరతు కూడా పెట్టాను: ప్యాసింజర్ ఉన్న ట్యాక్సీకే అనుమతి, ఖాళీ బండికి లేదు. చదవడానికి ఎంతో న్యాయంగా ఉంది.

లీలామహల్ దగ్గర ఒక నిమిషం నలభై సెకన్లు

రెండో వారంలో ఒక శనివారం ఉదయం లీలామహల్ దగ్గర బస్సులు ఆగే చోట నిలబడ్డాను. చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్, ఇంకో చేతిలో నోట్ పుస్తకం. బండ్లు లెక్కపెట్టడానికి కాదు, ఎవరు ఎంతసేపు ఆగుతున్నారో చూడటానికి.

తమిళనాడు రిజిస్ట్రేషన్, ఎల్లో బోర్డు ఇన్నోవా ఒకటి సరిగ్గా బస్సు ఆగే చోటే వచ్చి ఆగింది. ముందు సీట్లోంచి ఒకాయన దిగి లాడ్జీ బోర్డు వైపు చూసి, అదేనా కాదా అని ఫోన్ చేశారు. అవునని తేలాక వెనక తలుపు తెరిచారు. ఒక పెద్దావిడ కాలు కింద పెట్టి, మళ్ళీ లోపలికి తీసుకుని, సీటు అంచు పట్టుకుని రెండోసారి ప్రయత్నించారు. కోడలో కూతురో చెయ్యందించింది. డ్రైవర్ వెనక డిక్కీ తీసి బ్యాగులు ఒక్కొక్కటీ రోడ్డు మీద పెట్టాడు. ఒక చిన్నపిల్ల చెప్పు లోపలే మర్చిపోయింది, దానికోసం మళ్ళీ వెతుకులాట. ఆఖరికి తలుపులు మూసి బండి కదిలేసరికి స్టాప్‌వాచ్‌లో ఒక నిమిషం నలభై సెకన్లు.

వెనక సిటీ బస్సు. అది అంచుకు రాలేక రోడ్డు మీదే అడ్డంగా ఆగింది. దాని వెనక కొండ బస్సు. సిటీ బస్సు కండక్టర్ కిందికి దిగి ఇన్నోవా దాకా వచ్చాడు. పెద్దావిడ దిగడం చూసి ఏమీ అనలేదు. వెనక్కి తిరిగి చేత్తో "ఆగు" అని తన డ్రైవర్‌కు సైగ చేసి అక్కడే నిలబడ్డాడు. బస్సులోంచి దిగాల్సినవాళ్ళు దిగి, పక్కనుంచి దూసుకుపోతున్న బైకుల మధ్యలోంచి అంచుకు వచ్చారు. అందులో ఒకామె చంకలో బిడ్డ ఉంది.

ఇక్కడ ఎవరిదీ తప్పు లేదు. ఆ పెద్దావిడ అంతకంటే వేగంగా దిగలేరు. డ్రైవర్ ఆమెను లాడ్జీ ముందే దించాలి, అందుకే కదా డబ్బిచ్చింది. కండక్టర్ చూపిన ఓర్పు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. కానీ రెండు బస్సుల్లో కలిపి 80 మంది అనుకున్నా, ఒక్కొక్కరికీ 100 సెకన్లు అంటే 8,000 సెకన్లు. రెండు గంటల పైచిలుకు జనం కాలం ఒక్క దింపుడుకు పోయింది.

ఆ సాయంత్రం నా చిత్తు మళ్ళీ తీసి చూశాను. "ప్యాసింజర్ ఉన్న ట్యాక్సీకే అనుమతి" అని రాశాను. ఆ ఇన్నోవాలో ప్యాసింజర్లు నిండుగా ఉన్నారు.

లెక్క

సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడినప్పుడు ఒక వరసలో గంటకు సుమారు 1,800 కార్లకు సమానమైన బండ్లు కదలగలవు, అది మా రంగంలో అందరూ వాడే ఉజ్జాయింపు. అంటే కారుకు రెండు సెకన్లు. సిగ్నల్ ఒక చుట్టు తిరగడానికి రెండు నిమిషాలు పడితే, అందులో మన వైపు పచ్చ 30 సెకన్లు ఉందనుకుంటే, ఒక్కో పచ్చకు 15 కార్లు, గంటకు 450. గంటకు 30 బస్సులు, ఒక్కో బస్సు మూడు కార్ల చోటు తింటుందనుకుంటే 90 పోయాయి. ఇంకా 360 ట్యాక్సీలకు చోటున్నట్టు కాగితం మీద కనిపిస్తుంది. అసలు బండ్లు లెక్కప్రకారం సమానంగా రావు, గుంపులుగా వస్తాయి కాబట్టి ఆ సంఖ్యకు చాలా ముందే వరస కట్టడం మొదలవుతుంది. వరసలో చివరన చిక్కిన బస్సు ఒక పచ్చ తప్పిపోతే ఇంకో రెండు నిమిషాలు ఆగాలి. అయినా సరే, కదిలే ట్యాక్సీలు కొన్నింటిని ఈ లేన్ భరించగలదు. నా మొదటి జవాబు ఈ లెక్క మీదే నిలబడింది.

నేను లెక్కలోకి తీసుకోకుండా వదిలేసింది బండి ఆగడాన్ని. కదిలే ట్యాక్సీకి అయ్యే ఖర్చు రెండు సెకన్లు. ఆగే ట్యాక్సీకి అయ్యే ఖర్చు, నేను కళ్ళారా చూసినది, వంద సెకన్లు. పక్కనుంచి తప్పుకుని పోయే చోటు లేని ఒంటి వరసలో, ఆగిన ఒక్క బండి యాభై కదిలే బండ్లంత చెడుపు చేస్తుంది. గంటకు పది ట్యాక్సీలు అలా ఆగితే చాలు, 1,000 సెకన్లు, అంటే పదహారు నిమిషాల పైన లేన్ మూసి ఉన్నట్టే.

మరి "పోవచ్చు, ఆగకూడదు" అని పెడితే? మా ఆఫీసులో రెండు రోజులు ఇదే చర్చ. మా జూనియర్ ఇంజినీర్ ఒక మాటతో దాన్ని తేల్చేశాడు: "ఆగకుండా పోవాల్సిన ట్యాక్సీ సేతు మీద పోతుంది కదా సార్. కింద ఎడమ పక్కకు వచ్చేదే ఆగడానికి." అంతే. విమానాశ్రయం నుంచి రేణిగుంట రోడ్డు మీదుగా వచ్చి నేరుగా కొండకు పోయే ట్యాక్సీకి పైన దారి ఉంది, అక్కడ బస్టాపులు లేవు, ఎవరితో తగువూ లేదు. కింద లేన్‌లో అనుమతి ఇస్తే దాన్ని వాడుకునేది ఆగే పని ఉన్న ట్యాక్సీయే. సేతు లేని ఊళ్ళో అయితే నా జవాబు ఇంత గట్టిగా ఉండేది కాదు.

ట్యాక్సీ అంటే ఎవరు?

ఆర్డర్ రాసేటప్పుడు మాట సరిగ్గా లేకపోతే కొంప మునుగుతుంది. మోటారు వాహనాల చట్టంలో మోటార్ క్యాబ్ అంటే డ్రైవర్‌ను మినహాయించి ఆరుగురికి మించకుండా కిరాయికి తీసుకెళ్ళే బండి. మూడు చక్రాలా నాలుగా అన్నది అందులో లేదు. అంటే ఆటో కూడా అందులోకి వస్తుంది. ఆరుకు మించి పన్నెండు దాకా మ్యాక్సీ క్యాబ్. కొండకు మనిషికింత అని తీసుకెళ్ళే జీపులు సీట్లను బట్టి ఇటో అటో చేరతాయి. "ట్యాక్సీలకు అనుమతి" అని ఒక్క మాట రాస్తే ఆటోను ఏ నోటితో ఆపగలం? ఆపకపోతే అది బస్ లేన్ ఎలా అవుతుంది?

పోలీసు కానిస్టేబుల్ వైపు నుంచి చూడండి. ఎండలో కూడలిలో నిలబడ్డ మనిషికి దూరం నుంచి కనిపించేది నంబర్ ప్లేటు రంగే. పసుపు మీద నలుపు అంటే కిరాయి బండి. ఎలక్ట్రిక్ కిరాయి బండికి ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు, సొంత ఎలక్ట్రిక్ బండికి అదే ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు. లోపల ప్యాసింజర్ ఉన్నాడా లేడా, నల్ల అద్దాల్లోంచి ఎవరు చూస్తారు? తిరుపతికి వచ్చే ఎల్లో బోర్డుల్లో టీఎన్, కేఏ బండ్లు ఎన్ని ఉంటాయో అలిపిరిలో పావుగంట నిలబడితే తెలుస్తుంది. ఊరి ట్యాక్సీలకు మేలు చేద్దామని తెరిచిన తలుపులోంచి దక్షిణాది మొత్తం లోపలికి వస్తుంది.

ఇప్పుడు లండన్ సంగతి. అక్కడ నల్ల ట్యాక్సీని వీధిలో చెయ్యి ఊపి ఆపవచ్చు. మీటరు ఛార్జీ, వీల్‌చెయిర్ ఎక్కే ఏర్పాటు ఉండాలి, డ్రైవర్ ఊరి వీధులన్నీ నేర్చుకుని కఠినమైన పరీక్ష పాసవ్వాలి. ముందే బుక్ చేసుకునే మినీక్యాబులకు బస్ లేన్ అనుమతి లేదు. వాళ్ళు కోర్టుకెక్కారు. 2015 జనవరిలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఆ రెండు రకాల బండ్ల పరిస్థితులు వేరు వేరు కాబట్టి ఆ తేడా చూపించవచ్చని చెప్పింది. ఆ తీర్పు చదివాక నాకు తట్టింది ఏమిటంటే, వీధిలో చెయ్యి ఊపి ఆపుకునే బండి తిరుపతిలో ట్యాక్సీ కానే కాదు, ఆటో. మన ట్యాక్సీ స్టాండ్‌లోనో ఫోన్‌లోనో దొరుకుతుంది, లండన్ మినీక్యాబులాగా. లండన్ వాదాన్ని నిజాయితీగా ఇక్కడికి తెస్తే లేన్ ఆటోకు ఇవ్వాలి, ట్యాక్సీకి కాదు. నేను మొదట ఆ ఊరి పేరు మాత్రమే తెచ్చుకున్నాను, అక్కడి కారణం తెచ్చుకోలేదు.

జీపు వాళ్ళ మాట

అందరికంటే నన్ను ఇబ్బంది పెట్టినది షేర్ జీపు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) వాళ్ళ 1990 మార్గదర్శకాల ప్రకారం ఊళ్ళో రోడ్డు మీద కారు తినే చోటు ఒక యూనిట్ అయితే బస్సు, ట్రాఫిక్‌లో దాని వాటాను బట్టి, 2.2 నుంచి 3.7 యూనిట్లు. ఆటో 1.2 నుంచి 2. నలభై మంది ఉన్న బస్సును మూడు యూనిట్లు అనుకుంటే యూనిట్‌కు 13 మంది. ముగ్గురున్న ట్యాక్సీ యూనిట్‌కు 3. ముగ్గురున్న ఆటో అంతకంటే తక్కువ. తొమ్మిది మందితో నిండిన జీపు యూనిట్‌కు 9! సగం ఖాళీగా పోయే బస్సును అది దాటేస్తుంది.

దీన్ని దాచలేదు, రిపోర్టులో రాశాం. కానీ జీపు నిండేదాకా ఆగుతుంది. నిండకపోతే "కొండ, కొండ, కొండ" అని పిలుస్తూ అంచున మెల్లగా పాకుతుంది. లేన్‌లో అలా పాకితే వెనకున్న బస్సు కూడా పాకాల్సిందే. జీపును ఒక చోట నిలబెట్టి, నింపి, అక్కడి నుంచి సేతు మీదికి పంపితే అది ఎంతో మంచి బండి. చోటు చూపించకుండా రోడ్డు మీద వెతుక్కోమంటే అదే బండి అడ్డం పడుతుంది.

మాట్లాడుకున్నాం

రెండో వారం చివర్లో కొందరు ట్యాక్సీ, ఆటో డ్రైవర్లతో టీ దుకాణం దగ్గర కూర్చున్నాం. పెద్దవయసు ట్యాక్సీ డ్రైవర్ ఒకాయన నేరుగా అడిగారు: "బస్సులో పోయేటోళ్ళే మనుషులా సార్? మా బండిలో పోయేటోళ్ళు కాదా?" నేను లీలామహల్ దగ్గర చూసింది చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "నిజమే, నేనూ అట్లనే ఆపుతా. యాడ ఆపమంటారు మరి? సోటు సూపించండి, ఆడ ఆపుతా" అన్నారు.

ఆ మాటతో మా పని దిశ మారింది. అప్పటిదాకా మేం "అనుమతించాలా వద్దా" అని కొట్టుకుంటున్నాం. ఆయనకు కావాల్సింది లేన్ కాదు, పోలీసు కేకలు లేకుండా పెద్దావిడను దించే చోటు.

ఒక ఆటో డ్రైవర్ బాధ వేరు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో ఆడవాళ్ళకు సిటీ బస్సు ఉచితం కావడంతో తన కిరాయిలు తగ్గాయన్నాడు. ప్రభుత్వం ఆ అక్టోబరులో డ్రైవర్లకు రూ.15,000 ఇచ్చినా, "అది సంవత్సరానికన్నా, రోజూ పొయ్యి వెలగాల కదా" అన్నాడు. ఇప్పుడు లేన్ కూడా బస్సుకే అంటే తనను ఊళ్ళోంచి తోసేసినట్టు ఉందన్నాడు. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. బస్సుల్లో జనం పెరిగితే స్టాపులో బస్సు ఇంకాస్త ఎక్కువసేపు ఆగాలి, ఆ చోటు బస్సుకు మరింత అవసరం. ఇంజినీరుగా అంతవరకు చెప్పగలను. అతని ఇల్లు గడవడం మాత్రం నా లెక్కలో ఎక్కడా లేదు, లేదని రిపోర్టులో కూడా రాశాను.

ఆర్టీసీ డ్రైవర్ ఒకరు చెప్పింది క్లుప్తం: "మాకిచ్చి దాంట్లో అందర్నీ వదిల్తే మాకిచ్చినట్టు కాదు సార్. ఈయకుంటే మేలు, ఉత్త పేరన్నా ఉండదు."

గరుడ సేవ రోజు సంగతి కూడా అక్కడే వచ్చింది. బ్రహ్మోత్సవాల్లో ఆ రోజు ద్విచక్ర వాహనాలను ఘాట్ రోడ్డు ఎక్కనివ్వరు, ఈ మధ్య ట్యాక్సీలను కూడా ఆపుతున్నారు. అక్కడున్న డ్రైవర్లలో ఎవరూ దాన్ని అన్యాయం అనలేదు. "ఆ పొద్దు బస్సు కదలకుంటే ఎవురూ కదల్లేరు" అన్నారు. రద్దీ కళ్ళకు కనబడినప్పుడు బస్సుకు ముందు దారి అన్న మాటను ఈ ఊరు ఎప్పుడో ఒప్పుకుంది.

రాసిచ్చింది

పగటి వేళ ఎడమ లేన్ బస్సులకు, అంబులెన్సులకు, ఫైరింజన్లకు మాత్రమే. రుయా, స్విమ్స్ ఆస్పత్రులు రెండూ అలిపిరి రోడ్డులోనే ఉన్నాయి, ఈ లేన్ వల్ల ముందు బాగుపడేది 108 బండి. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా 2019 సవరణలో చట్టంలోకి వచ్చింది, కానీ కిక్కిరిసిన రోడ్డులో దారి ఇవ్వాలన్నా పక్కకు జరగడానికి చోటుండాలి. బస్సులు పలచబడే రాత్రి వేళ అందరికీ తెరిచి ఉంచవచ్చు, రైలు దిగి లాడ్జీ వెతుక్కునే కుటుంబాలకు ట్యాక్సీ ఎక్కువ అవసరం పడేది కూడా అప్పుడే. కూడలికి ముందు కొంత దూరం లేన్ గీతను తుంచాలి, లేకపోతే ఎడమకు తిరిగే బండ్లు ఇరుక్కుంటాయి.

ట్యాక్సీ, ఆటోలకు లేన్ బదులు దింపుడు చోట్లు. లాడ్జీలున్న అడ్డ సందుల మొదట్లో, మెయిన్ రోడ్డు నుంచి పెద్దావిడ నడవగలిగినంత దూరంలో. దూరం ఎంత ఉండాలన్నది మేం రెండు బ్యాగులు పట్టుకుని, మా కొలీగ్ వాళ్ళ అమ్మగారిని వెంటబెట్టుకుని నడిచి తేల్చుకున్నాం. అరవై అడుగులు వేశాక ఆవిడ ఆగి ఊపిరి తీసుకున్నారు. గీసిన చోట్లన్నీ ఆ అరవై లోపలికి తెచ్చాం. రెండు చోట్ల కుదరలేదు, అక్కడ మెయిన్ రోడ్డు మీదే ఫుట్‌పాత్‌ను కొంచెం లోపలికి కోసి, బస్సు వరసకు తగలకుండా ఒక బండి పట్టే గూడు గీశాం.

ముఖ్యమైన సలహా ఇంకొకటి. దీన్ని శాశ్వతంగా మొదలుపెట్టవద్దని చెప్పాం. మోటారు వాహనాల చట్టంలో 115వ సెక్షన్ కింద ఒక నెలకు మించని ఆంక్షకు గెజిట్ నోటిఫికేషన్ అక్కర్లేదు, స్థానికంగా ప్రచారం చేస్తే సరిపోతుంది. ప్లాస్టిక్ కోన్లతో, తుడిచేయగలిగే రంగుతో నెల రోజులు పెట్టి చూడవచ్చు. ముందు దింపుడు చోట్లు తయారు కావాలి, ఆ తర్వాతే కోన్లు పెట్టాలి. ఈ వరస తిరగబడితే మొదటి రోజే ట్యాక్సీలు లేన్‌లో ఆగుతాయి, రెండో రోజు ఫొటోలు వస్తాయి, మూడో రోజు కోన్లు మాయమవుతాయి. కొలవాల్సింది బస్సు వేగం ఒక్కటే కాదు, లేన్‌లో ఏ బండి ఎంతసేపు ఆగిందో కూడా. స్టాప్‌వాచ్ పట్టుకున్న ఇద్దరు మనుషులుంటే చాలు.

నివేదిక ఇచ్చి కొన్ని నెలలైంది, ట్రయల్ ఇంకా జరగలేదు. ఈలోగా ఆ పెద్దవయసు డ్రైవర్ ఒకసారి ఫోన్ చేసి, గీసిన చోటు ఏ సందులో అని అడిగారు. చెప్పాను. "నీడుంటాదా సార్? ఎండాకాలం బండి బయట పెట్టి కూర్చోలేము" అన్నారు. మేం నీడ సంగతి ఆలోచించనే లేదు. ఆ సాయంత్రం డ్రాయింగ్ మళ్ళీ తెరిచి, రేకుల షెడ్డు ఒకటి, సామాను దించుకోవడానికి నడుమెత్తు అరుగు ఒకటి, పెద్దవాళ్ళు పట్టుకుని దిగడానికి ఒక ఇనుప కమ్మి చేర్చి మళ్ళీ పంపాను.